ఎలుగుబంటి లోపలి మనిషి

"గర్జించే ముందు మీరొక్క క్షణం ఆగాలె సార్," అన్నది పద్మలత. "చేతులెత్తి, నోరు తెరిచి చూపించి, అప్పుడు గర్జించండి. అది కూడా మెల్లగా. చప్పుడు రాబోతున్నదని పిల్లలకు ముందే తెలియాలె."

నాటకం ఆడబోయే హాల్లో శ్యాంసుందర్ ఎలుగుబంటి వేషం తలను చంకలో పెట్టుకుని వింటున్నాడు. నల్ల గొంగళ్ళు కత్తిరించి కుట్టిన వేషం లోపల వీపంతా చెమటతో తడిసింది. ఆ గర్జనతోనే అతనికి పేరు వచ్చింది. నర్సంపేటలో ఆడినా నెక్కొండలో ఆడినా, తేనెపట్టు కోసం చెట్టు వెనక నుంచి దూకి అతనొక్క గర్జన గర్జించాడంటే బడిపిల్లలు కేకలు పెట్టి ఒకరి మీద ఒకరు పడేవారు. ఇప్పుడీ మేడం దాన్నే తగ్గించమంటోంది.

పద్మలత హన్మకొండలో ఒక అద్దె ఇంట్లో ప్రత్యేక అవసరాల పిల్లల కేంద్రం నడుపుతుంది. మనకు మామూలుగా అనిపించే చప్పుడు, వెలుతురు, కొత్త మనిషి చెయ్యి ఆ పిల్లల్లో కొందరికి భరించరానివి. వాళ్ళలో ఒక్కరు కూడా ఇంతవరకు ఒక నాటకం పూర్తిగా చూడలేదు. చూడబోయిన వాళ్ళను మధ్యలోనే బయటికి పంపేశారు. వాళ్ళ కోసం ఆదివారం ఒక ప్రదర్శన ఇవ్వమని ఆమె అడిగితే, నాటక సమాజం పెద్ద ఉమాకాంత్ సార్ మారు మాట లేకుండా ఒప్పుకున్నాడు. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. పిల్లలంటే ఇష్టం.

ఆమె ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. లైట్లు పూర్తిగా తీసేయొద్దు. తలుపులు తెరిచే ఉండాలి. లేచి తిరిగేవాళ్ళను తిరగనివ్వాలి, స్టేజీ ఎక్కినా ఆపొద్దు. ఒక మూల పరుపు వేసి, దుప్పటి కట్టి చాటు చెయ్యాలి, తట్టుకోలేని వాళ్ళు అందులోకి పోయి పడుకుంటారు. పొగ వద్దు. డప్పు పుల్లలతో కాదు, వేళ్ళతో.

"వేళ్ళతోటి కొడితే అది డప్పెట్లయితది మేడం?" అన్నాడు డప్పు రాజమౌళి.

"ఒకసారి కొట్టి చూడండి," అన్నది పద్మలత నవ్వి. తర్వాత ఫోన్ బయటికి తీసింది. "శుక్రవారం పిల్లలను ఒకసారి ఇక్కడికి తీసుకొచ్చి అన్నీ చూపిస్త. అంతకుముందు ఫోటోలు చూపియ్యాలె. ఈ మెట్లు, తలుపు, కుర్చీలు, మీరంత. ఎలుగుబంటివి రెండు కావాలె సార్. తల పెట్టుకుని ఒకటి, తీసేసి ఒకటి. లోపల మనిషి ఉన్నడని తెలిస్తే భయపడరు."

శ్యాంసుందర్ గబుక్కున తల తొడుక్కున్నాడు. "ఇదొక్కటి తీస్కోండ్రి మేడం. లోపలి మనిషిని చూపెడితే మజా ఏముంటది?"

"మజా కోసం కాదు సార్..."

"రెండోది రేపు తీస్కుందాం తియ్యి," అన్నాడు ఉమాకాంత్, టైం అవుతుందని. ఎలుగుబంటిది తల తొడిగిన ఫోటో ఒక్కటే తీసుకుని ఆమె వెళ్ళింది.

ఆమె నడిపే ఆ కేంద్రానికే శ్యాంసుందర్ కూతురు దీప పోతుంది. తీసుకుపోయేది, తీసుకొచ్చేది భార్య భవాని. అతను ఒక్కనాడూ ఆ గడప తొక్కలేదు, పద్మలతకు అతను దీప తండ్రని తెలియదు. సమాజంలో వాళ్ళకు తెలిసింది వేరు. శ్యాంసుందర్ బిడ్డ నర్సంపేటలో అమ్మమ్మ దగ్గర చదువుకుంటోంది. ఎవరో మాటవరసకు అడిగితే మాటవరసకే నోట్లోంచి వచ్చిన జవాబది. ఆ తర్వాత మళ్ళీ ఎవరూ అడగలేదు, అతనూ సరిదిద్దలేదు.

టీలు వచ్చాయి. రాజమౌళి గ్లాసు అందుకుంటూ, "ఏందన్నా ఇది. జూసేటోడు జూడడట, ఉరికేటోడు ఉరుకుతడట. ఇగ మనం ఎవలికి ఆడాలె?" అన్నాడు.

"అసలు ఎట్లుంటరు వాళ్ళు?" అని అడిగారెవరో.

"శ్యామన్నను అడుగు. మనిషిని ఒక్కసారి చూస్తే చాలు, దించుతడు. అన్నా, జర చేసి చూపియ్యవే."

శ్యాంసుందర్ టీ గ్లాసు కింద పెట్టాడు. ఎందుకు పెట్టాడో తర్వాత ఎంత ఆలోచించినా అతనికి తేలలేదు. అడిగితే చెయ్యడం అలవాటు. మునివేళ్ళ మీద లేచాడు. రెండు చెవులనూ అరచేతులతో కాకుండా వంచిన మణికట్లతో మూసుకున్నాడు. గడ్డం పైకెత్తి, ముందుకూ వెనక్కూ ఊగుతూ, ముక్కుతో సన్నగా ఒక రాగం తీశాడు. ఆ రాగం చివర్లో విరిగి, మళ్ళీ మొదటికొచ్చింది.

రాజమౌళి చేతిలో టీ ఒలికేంత నవ్వాడు. ఇంకొకతను గోడకు ఆనుకుని కడుపు పట్టుకున్నాడు. ఉమాకాంత్ కూడా నవ్వి, ఆ తర్వాత "ఊకోండ్రయ్యా, పాపం," అన్నాడు.

అతను ఎవరో ఒక పిల్లను దించలేదు. పక్కింట్లో కుక్కర్ కూత వేసినప్పుడు దీప చేసే పనే చేశాడు. మణికట్టు ఎక్కడ ఆనాలో, రాగం ఎక్కడ విరగాలో అతని ఒంటికి తెలుసు. వాళ్ళు ఇంకా నవ్వుతుండగానే చేతులు దించి గ్లాసు తీసుకున్నాడు. వాళ్ళ ముఖాలు చూడలేక టీలో తేలుతున్న మీగడ వైపు చూస్తూ తాగాడు.

*

కాశీబుగ్గలో అతని ఇంట్లో కుక్కర్ వాడరు. భవాని అన్నం గిన్నెలో వండి వారుస్తుంది. అతను చెప్పులు విడిచి లోపలికి రాగానే దీప వచ్చింది. ముఖం చూడదు. రోజూ లాగే వెనక్కి తిరిగి, వీపును అతని కడుపుకు ఆనించి నిలబడింది. అతను రెండు చేతులూ చుట్టి గట్టిగా అదమాలి. ఎంత గట్టిగా అదిమితే ఆ పిల్ల ఒళ్ళు అంత వదులవుతుంది. ఈ రోజు అతని చేతులు ముందుకు రాలేదు. కాసేపు చూసి, దీపే ఆ చేతులను పట్టుకుని తన ఛాతీ మీదికి లాక్కుని పెట్టుకుంది.

మర్నాడు సాయంత్రం భవాని ఆ ఫోటోలు తెచ్చింది. ప్లాస్టిక్ అతికించి, ఒక దారానికి గుచ్చి ఉన్నాయి. నేల మీద కూర్చుని దీప ముందు ఒక్కొక్కటే తిప్పింది. "మెట్లు. తలుపు. కుర్చీలు. డప్పు. ఎలుగుబంటి." అక్కడ ఆగి, తలెత్తకుండానే అతనితో అంది.

"లోపలి మనిషి ఫోటో ఇయ్యలేదట. మేడం రెండు అడిగిందట గద."

అతను చొక్కా విప్పి మేకుకు తగిలించాడు.

"మీవోళ్ళకు దీప సంగతి చెప్పలేదా నువ్వు?"

"చెప్త."

"ఎప్పుడు?"

"చెప్తనంటాన గద."

భవాని ఫోటోలు మళ్ళీ మొదటికి తిప్పింది. "రేపు తల్లులు కూడ రావాలన్నది మేడం. నేనూ వస్తాన," అన్నది మామూలుగా. అతనికి వద్దని చెప్పాలనిపించింది. ఏ కారణం చెప్పాలో తోచక ఊరుకున్నాడు.

*

శుక్రవారం శ్యాంసుందర్ తను పనిచేసే ఫ్లెక్సీల దుకాణంలో ఒక పూట సెలవు పెట్టి, అందరికంటే ముందు హాలుకు వచ్చాడు. వేషం వేసుకుని, తల కూడా తొడుక్కుని, స్టేజీ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇప్పటి నుంచే ఎందుకయ్యా, ఉడికిపోతవు," అన్నాడు ఉమాకాంత్.

"అలవాటు గావాలె గద సార్."

తలలో కళ్ళ దగ్గర రెండు సన్నని సందులున్నాయి. వాటిలోంచి చూస్తే మెట్లెక్కి వస్తున్న వాళ్ళు ముక్కలు ముక్కలుగా కనిపించారు. నీలం టోపీ పెట్టుకున్న అబ్బాయి వరసలో ప్రతి కుర్చీ వీపునూ తాకుతూ వచ్చాడు. ఒక పిల్ల గుమ్మం దగ్గర ఆగి నేల మీద పడుకుంది. తల్లి తొందర పెట్టలేదు. తనూ కొంగు సర్దుకుని పక్కనే కూర్చుంది. పద్మలత వాళ్ళ మధ్య నేల మీదే ఉంది, గొంతు పెంచకుండా, "ఇవి మనం ఫోటోలో చూసిన మెట్లు, ఇది ఫోటోలో చూసిన తలుపు," అని చెబుతోంది.

వాళ్ళ వెనక భవాని. పెళ్ళిళ్ళకు కట్టే నెమలికంఠం రంగు చీర కట్టుకుంది. దీపకు రెండు జడలు వేసి కొత్త రిబ్బన్లు కట్టింది. హాలంతా ఒకసారి చూసింది. ఎలుగుబంటి మీద ఆమె చూపు ఆగింది. వెంటనే పక్కకు పోయింది.

దీప నేరుగా డప్పు దగ్గరికి పోయింది. రాజమౌళి దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఏం చెయ్యాలో తెలియక బిగుసుకుని కూర్చున్నాడు. దీప వంగి చెంపను డప్పు తోలు మీద ఆనించింది. రాజమౌళి పద్మలత వైపు చూశాడు. ఆమె తలూపింది. అతను రెండో అంచున ఒక్క వేలితో తట్టాడు. దీప చెంప తియ్యలేదు. మళ్ళీ తట్టాడు. దీప పెదాలు విచ్చుకున్నాయి. ఇంకోసారి తట్టి, రాజమౌళి ఎలుగుబంటి వైపు తిరిగి, "అన్నా, చూస్తానవా," అన్నాడు పొంగిపోతూ. ఎలుగుబంటి తలూపింది.

"ఇప్పుడు ఎలుగుబంటిని చూద్దాం," అన్నది పద్మలత. "భయమైతే దూరం నుంచే చూడొచ్చు. సార్, తల తీసి చూపియ్యండి."

శ్యాంసుందర్ లేచి నిలబడ్డాడు. మెడ దగ్గర చేతులు పెట్టి కదిపాడు. "హుక్కు ఇరుక్కున్నది మేడం. వస్తలేదు." లోపల నుంచి అతని గొంతు వేరే మనిషి గొంతులా వచ్చింది. ఉమాకాంత్ సాయానికి రాబోతే, "వద్దు సార్, చినుగుతది," అన్నాడు.

అప్పటికే దీప డప్పును వదిలి వస్తోంది. ఎలుగుబంటి తల వైపు చూడలేదు. కోరలున్న ఆ నోటి వైపు చూడలేదు. దగ్గరికొచ్చి, వెనక్కి తిరిగి, గొంగడి కడుపుకు వీపు ఆనించింది. రెండు పంజాలనూ పట్టుకుని తన ఛాతీ మీదికి లాక్కుంది. అతని చేతులు అతన్ని అడగకుండానే బిగుసుకున్నాయి. దీప బరువంతా అతని మీద వేసింది.

"బాపు," అన్నది, ఇంట్లో తండ్రిని పిలిచినట్టే.

హాల్లో చిన్నగా నవ్వులు లేచాయి. "చూసిండ్లా, ఎలుగుబంటిని బాపు అంటాంది," అన్నాడు ఉమాకాంత్ మురిపెంగా.

పద్మలత ఆశ్చర్యపోయింది. "కొత్తవాళ్ళ దగ్గరికి అస్సలు పోదు సార్ ఈ పాప. మాట కూడా ఎప్పుడో గాని రాదు. ఏం చేసిండ్రు మీరు?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్ళీ రాదని అతనికి తెలుసు. నోరు తెరిచాడు. రాజమౌళి ముఖం కనపడింది, దాని మీద ఇంకా ఆ నవ్వే ఉంది. మొన్న టీ ఒలకబోసుకున్న నవ్వు గుర్తొచ్చింది. మాట రాలేదు.

దీప అతని వైపు తిరిగింది. తల అంచు కింద వేళ్ళు దూర్చి పైకెత్తడం మొదలుపెట్టింది. "బాపు." అతను రెండు పంజాలతో తలను కిందికి పట్టుకున్నాడు. ఆ పిల్ల పైకి లాగుతోంది, అతను కిందికి నొక్కుతున్నాడు. చుట్టూ ఉన్న వాళ్ళకు అదొక ఆటలా ఉంది. అతని గడ్డానికి ఆ పిల్ల గోళ్ళు తగులుతున్నాయి.

భవాని వచ్చింది. వంగి, దీప వేళ్ళను ఒక్కొక్కటిగా విడిపించింది. లేచి నిలబడి ఎలుగుబంటి కళ్ళ సందుల్లోకి చూసింది.

"ఏమనుకోకుండ్రి సార్," అన్నది. "ఇది అందరినీ గట్లనే అంటది."

"పర్వాలేదమ్మా," అన్నాడు శ్యాంసుందర్.

*

ఆ సాయంత్రం అతను ఇల్లు చేరేసరికి భవాని ఆ చీర మడిచి బీరువాలో పెట్టేసింది. దీప గోడ పక్కన పడుకుని ఫ్యాన్ రెక్కల వైపు చూస్తోంది. అతను వచ్చిన చప్పుడుకు లేవలేదు.

"అన్నం పెట్టిన. తిను," అన్నది భవాని.

"భవానీ, నాకు నోరు రాలేదే."

"వచ్చింది గద. పర్వాలేదమ్మా అన్నవ్."

అతను కంచం ముందు కూర్చున్నాడు. ఆమె పప్పు వడ్డించింది, నీళ్ళు పెట్టింది, ఏదీ మర్చిపోలేదు. ఎదురుగా కూర్చుని కొంగుతో చేతులు తుడుచుకుంటూ మాట్లాడింది. గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేదనుకున్నాడు.

"దానికి వచ్చేటియే నాలుగు మాటలు. అండ్ల ఒకటి సరిగ్గ అనాల్సిన మనిషినే అన్నది. ముసుగేస్కున్నా గుర్తు పట్టి అన్నది. మేడం, సార్లు, తల్లులు అందరు ఇన్నరు. నేను పోయి, కాదు, ఇది తప్పంటాంది అని చెప్పిన. నీ ఇజ్జత్ కోసం."

"రేపు చెప్త."

"నాకెందుకు చెప్తానవ్," అన్నది భవాని. లేచి దీప పక్కన చాప పరిచింది.

*

శనివారం కూడా చెప్పలేదు. ఉమాకాంత్‌కు ఫోన్ చేసి, హాలు తాళం సంగతి మాట్లాడి పెట్టేశాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేసరికి దీప గడప దగ్గర ఆ ఫోటోల దండతో కూర్చుని ఉంది. ఒక్కొక్కదాని మీద వేలు పెడుతోంది. ఎలుగుబంటి దగ్గరికి రాగానే ఆగి, గట్టిగా, తడబడకుండా అన్నది.

"ఎలుగుబంటి."

అంత పొడుగు మాట ఆ నోటి నుంచి అతను ఎన్నడూ వినలేదు.

"మేడం నేర్పింది," అన్నది భవాని వంటింటి గుమ్మంలోంచి. "పొద్దుగాల్నుంచి దాని ఎంటబడి నేర్పింది. ఎవరినిబడితే వాళ్ళను బాపు అనుకుంట పోతే, రేపు ఎవడన్న తీస్కపోతడని మేడంకు భయం. నిజమే గద. ఆడపిల్ల."

"మరి నువ్వు చెప్పలేదా?"

"నేను చెప్పాల్నా?"

శ్యాంసుందర్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఫోటో మీద వేలు పెట్టి, తర్వాత తన రొమ్ము మీద పెట్టుకున్నాడు. "దీపా, చూడు బిడ్డా. ఇది ఎవలు? బాపు. బాపు అను."

దీప ఫోటో వైపు చూసింది. అతని చొక్కా గుండీ వైపు చూసింది. కనుబొమలు దగ్గరికి వచ్చాయి. మణికట్లు మెల్లగా చెవుల వైపు లేచాయి.

భవాని వచ్చి ఫోటోల దండ తీసేసుకుంది. "వద్దు. పొద్దంత ఒకటి నేర్పి, ఇప్పుడింకొకటి చెప్తే దానికెట్ల సమజైతది? ఉండనియ్యి."

"రేపు... తీస్కస్తవా?"

"ఎందుకు తీస్కరాను? అది మెట్లు నేర్చుకున్నది, కుర్చీలు నేర్చుకున్నది, డప్పంటే భయం పోగొట్టుకున్నది. నీ కోసమని దాన్ని ఇంట్ల కూసోబెట్టాల్నా?"

అతను అన్నం తినకుండానే దుకాణానికి తిరిగి వెళ్ళిపోయాడు.

*

ఆదివారం వేషాలు వేసుకునే గదిలో ఎవరి అద్దం ముందు వాళ్ళున్నారు. రాజమౌళి పుల్లలు పక్కన పడేసి వేళ్ళతో సాధన చేస్తున్నాడు. "ఇట్ల గూడ మంచిగనే పలుకుతాంది సార్," అంటున్నాడు ఉమాకాంత్‌తో. శ్యాంసుందర్ గొంగడి వేషం వేసుకుని, ఎలుగుబంటి తలను మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"మొన్న నన్ను బాపు అన్న పాప," అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాడు. "ఆ పాప నా బిడ్డ. పక్కన నీలం చీర కట్టుకున్నామె నా భార్య."

రాజమౌళి వేళ్ళు ఆగిపోయాయి. "నర్సంపేటల చదువుతాందంటివి గదన్నా?"

"నర్సంపేటల ఎవలు లేరు. బుధవారం నేను చేసి చూపిచ్చింది గూడ దాన్నే."

గదిలో ఎవరో రంగు డబ్బా మూత పెట్టిన చప్పుడైంది. తిడతారేమో అనుకున్నాడు. తిడితే తీసుకుందామని తల వంచుకునే ఉన్నాడు. రాజమౌళి డప్పు మీద అరచెయ్యి ఆనించి, "నవ్వినం గదనే మేము," అన్నాడు నేల వైపు చూస్తూ.

"నేను గూడ నవ్విన," అన్నాడు ఉమాకాంత్. తువ్వాలతో కళ్ళజోడు తుడుచుకుని, "పోదాం పాండ్రి. పిల్లలు వచ్చిండ్లు," అన్నాడు.

హాల్లో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. తలుపులు తెరిచి ఉన్నాయి. నీలం టోపీ అబ్బాయి కుర్చీల చుట్టూ తిరుగుతున్నాడు. మూలన దుప్పటి చాటు నుంచి ఎవరివో రెండు చిన్న పాదాలు కనిపిస్తున్నాయి. కథ మొదలుకాకముందు ఆడేవాళ్ళంతా వచ్చి తమ పేరు, తమ వేషం చెప్పుకోవాలని పద్మలత పెట్టిన నియమం. ఒక్కొక్కరే చెప్పారు. చివర శ్యాంసుందర్ ఎలుగుబంటి తలను చేత్తో పట్టుకుని, ఉత్త ముఖంతో ముందుకొచ్చాడు.

"నా పేరు శ్యాంసుందర్. ఎలుగుబంటి వేషం నాది." అక్కడ ఊపిరి తీసుకున్నాడు. "నేను దీప వాళ్ళ బాపును. మొన్న ఆ పాప చెప్పింది నిజమే."

తల్లుల గుసగుసలు ఆగిపోయాయి. పద్మలత చప్పున భవాని వైపు తిరిగింది. ఆమె ముఖంలో మొదట అర్థం కాకపోవడం, తర్వాత అర్థం కావడం, రెండూ అతనికి కనిపించాయి. నిన్న పొద్దంతా ఆ పిల్ల చేత ఏం వల్లె వేయించిందో ఆమెకు ఇప్పుడు తెలిసింది. భవాని ఎవరినీ చూడలేదు. దీప జడ రిబ్బను ఊడకపోయినా విప్పి మళ్ళీ కడుతోంది.

దీప ఆ చేతుల నుంచి జారి లేచింది. స్టేజీ మెట్లెక్కింది. ఎవరూ ఆపలేదు. అతను మోకాళ్ళ మీద కూర్చుని, ఎలుగుబంటి తలను పక్కన పెట్టి, చేతులు చాపాడు. ఆ పిల్ల వెనక్కి తిరిగి వీపు ఆనిస్తుందని ఎదురుచూశాడు. దీప తిరగలేదు. కింద పెట్టిన తలను చూసింది. అతని ఒంటి మీది గొంగడిని చూసింది. ఫోటో మీద పెట్టినట్టే ఒక వేలు అతని చెంప మీద పెట్టింది.

"ఎలుగుబంటి," అన్నది, హాలంతా వినపడేటట్టు. అని, సరిగ్గా చెప్పానా అన్నట్టు పద్మలత వైపు చూసింది.

కేంద్రంలో చప్పట్లకు చప్పుడుండదు. ఎవరైనా సరైన జవాబు చెబితే పిల్లలు చేతులు పైకెత్తి గాలిలో ఊపుతారు. ముందు నీలం టోపీ అబ్బాయి తిరగడం ఆపి చేతులెత్తాడు. తర్వాత ఒకరిని చూసి ఒకరు అందరూ ఎత్తారు. పద్మలత చేతులు సగం లేచి మళ్ళీ ఒళ్ళో పడిపోయాయి. పిల్లలు మాత్రం ఆపలేదు. దీప తనకు తానే రెండు చేతులూ ఎత్తి, వేళ్ళు విప్పి ఊపుకుంది. ఆ ముఖంలో అంత సంతోషం శ్యాంసుందర్ ఈ మధ్య చూడలేదు.

"అవును బిడ్డా," అన్నాడు. "ఎలుగుబంటి."

గొంగడి పంజాలు తొడిగిన చేతులు పైకెత్తి, అతను కూడా వాళ్ళతో పాటు ఊపాడు.